దవడ ఆపరేషన్ తర్వాత ముఖం మొద్దుబారితే: చేయవలసినవి – చేయకూడనివి

జంషెడ్‌పూర్ సిద్ధగోరాలోని మన తెలుగు కుటుంబాలకు ఒక మాట. జ్ఞానదంతం తీసినా, విరిగిన దవడకు ప్లేట్లు వేసినా, నోటి క్యాన్సర్ గడ్డ తీసినా కొందరికి కింది పెదవి, గడ్డం, నాలుక మొద్దుబారతాయి. కింది దవడ ఎముక లోపలి నుంచే పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం వెళ్తుంది. నాలుక నరం జ్ఞానదంతం పక్కగా సాగుతుంది. నలిగిన నరం వారాల్లోనో నెలల్లోనో కోలుకోవచ్చు. తెగిన నరం తనంతట తాను అతుక్కోవడం కష్టం. నరం తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరే. అందాకా ఆ చోట నొప్పి మిమ్మల్ని హెచ్చరించదు. మీరే కనిపెట్టుకుని ఉండాలి.

చేయవలసినవి

• ఆపరేషన్‌కు ముందే "నరానికి దెబ్బ తగిలే అవకాశం ఎంత?" అని అడగండి. ఎక్స్‌రేలో దంతం వేరు నరాన్ని ఆనుకుని కనిపిస్తే సీబీసీటీ అనే 3డీ స్కాన్ అవసరమేమో కనుక్కోండి.
• మర్నాటికీ మొద్దు వదలకపోతే డాక్టరుకు చెప్పండి. దవడలో దంత ఇంప్లాంట్ వేయించుకున్నవారు అస్సలు ఆలస్యం చేయకూడదు.
• వారానికోసారి అద్దం ముందు కూర్చుని, దూది పోగును మంచి చర్మం నుంచి మొద్దుబారిన వైపు మెల్లగా జరపండి. స్పర్శ ఆగినచోట కాటుక పెన్సిల్‌తో చుక్క పెట్టండి. ఫోటో తీసి తేదీ రాసుకోండి.
• టీ, పప్పు వేడిని ముందు మణికట్టు మీద చుక్క వేసి చూసుకోండి.
• తిన్నాక అద్దంలో పెదవి లోపలి వైపు, నాలుక అంచు చూడండి. కొరుక్కున్న గాయం అక్కడే దాగుతుంది.
• కర్మాగారంలో పనిచేసేవారు డాక్టరు అనుమతితోనే డ్యూటీకి వెళ్ళండి. షిఫ్టు దిగాక హెల్మెట్ పట్టీ గడ్డాన్ని ఒరిసిందేమో చూసుకోండి.
• ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు హిందీ రాకపోతే డాక్టరుతో "హోంఠ్ సున్న్ హై" (పెదవి మొద్దుబారింది) అనమని నేర్పండి, లేదా మీరు తోడు వెళ్ళండి.

చేయకూడనివి

• మత్తు దిగకముందు ఏదీ నమలొద్దు. పిల్లలను పెదవి కొరుక్కోనివ్వొద్దు.
• మొద్దుబారిన చోట వేడి కాపడం వద్దు, నేరుగా ఐసూ వద్దు. జనవరి చలిలో కుంపటికి ముఖం దగ్గరగా పెట్టొద్దు.
• ఖైనీ, గుట్కా ముట్టొద్దు. పుండు పడినా తెలియదు, గాయమూ త్వరగా మానదు.
• స్పర్శ వచ్చిందేమోనని సూదితో గుచ్చుకోవద్దు.
• నరాల మందులు సొంతంగా మొదలుపెట్టొద్దు, ఉన్నట్టుండి మానొద్దు.
• "అదే పోతుందిలే" అని నెలలు గడపొద్దు. 3 నెలలకూ మార్పు లేకపోతే దవడ, ముఖ శస్త్రవైద్యుణ్ణి తప్పక కలవండి. తెగిన నరాన్ని కలిపే ఆపరేషన్ ఆలస్యమైనకొద్దీ ఫలితం తగ్గుతుంది.

వెంటనే ఆస్పత్రికి

మెడ వాపు పెరిగినా, మింగడం, ఊపిరి కష్టమైనా, రక్తం ఆగకపోయినా, హఠాత్తుగా మూతి వంకరపోయినా 108కు ఫోన్ చేయండి. బిష్టుపూర్‌లోని టాటా మెయిన్ ఆస్పత్రి లాంటి పెద్ద ఆస్పత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి. ఆపరేషన్ కాగితాలు, తేదీలు రాసిన ఫోటోలు వెంట తీసుకెళ్ళండి.