పగడం పాలిపోతే...
పొందూరు ఖద్దరుకు తెలుపు అందం, పగడానికి తెలుపు జబ్బు. మన జిల్లావాళ్ళు ఎందరో వలస వెళ్ళిన అండమాన్ దీవుల చుట్టూ పగడపు దిబ్బలున్నాయి. 2010 వేసవిలో అక్కడి పగడాలు చాలా వరకు తెల్లబారాయి.

పగడం రాయి కాదు, జంతువు. దాని ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలే దానికి రంగును, ఆహారంలో ఎక్కువ భాగాన్నీ ఇస్తాయి. సముద్రపు నీరు మామూలు వేసవి వేడికన్నా 1 డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే అవి బయటకు పోతాయి.

ముందుగా కొమ్మల పగడాలను చూడాలి. ఎండ తగిలే పైభాగం పాలిపోతుంది, అడుగున రంగు మిగిలి ఉంటుంది. కొన్ని నీలంగా, గులాబీగా మెరుస్తాయి. చూడ్డానికి ముచ్చటే గాని అదీ ఆపద గుర్తే! పూర్తిగా తెల్లబడినా పగడం అప్పుడే చావదు. నీరు త్వరగా చల్లబడితే శైవలాలు మళ్ళీ చేరతాయి. ఆ తెలుపు మీద నాచు పట్టిందంటే మాత్రం ఆ భాగం చనిపోయినట్లే.