అప్‌డేట్‌తో సరిచేయలేని సమస్య: ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమ్ జీపీఎస్ కథ

"ప్రస్తుతానికి కొనేయండి, ఆ సమస్య తర్వాత అప్‌డేట్‌లో సరిచేస్తారు." కొత్త డివైస్ గురించి ఎవరిని అడిగినా ఈ మాట వినిపిస్తుంది. నేను రోజూ రాసేది సాఫ్ట్‌వేరే కాబట్టి అప్‌డేట్ విలువ నాకు బాగా తెలుసు. కానీ అప్‌డేట్‌కి లొంగని సమస్యలు కూడా ఉంటాయి. అవి ఎలా ఉంటాయో చెప్పడానికి నాకు తెలిసినంతలో అసుస్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమ్ (టీఎఫ్201) కంటే మంచి ఉదాహరణ లేదు.

ఏం జరిగింది?

2011 డిసెంబర్‌లో ఈ టాబ్లెట్ అమెరికా మార్కెట్లోకి వచ్చింది. 10.1 అంగుళాల స్క్రీన్, ఎన్విడియా టెగ్రా 3 ప్రాసెసర్, 8.3 మిల్లీమీటర్ల మందం, 32 జీబీ మోడల్ ధర 499 డాలర్లు. క్వాడ్‌కోర్‌తో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ టాబ్లెట్ ఇదే. కీబోర్డ్ డాక్ తగిలిస్తే చిన్న ల్యాప్‌టాప్‌లా మారిపోయేది. పైగా వెనక భాగమంతా అల్యూమినియం, చూడ్డానికి సూపర్.

తీరా వాడటం మొదలుపెట్టాక జీపీఎస్ సరిగా లాక్ అవ్వట్లేదని ఫిర్యాదులు మొదలయ్యాయి. మెటల్ బాడీ వల్ల సిగ్నల్ తగ్గొచ్చని కంపెనీ ఒప్పుకుంది, ఇది ప్రొఫెషనల్ జీపీఎస్ డివైస్ కాదని కూడా చెప్పింది. ఆ తర్వాత స్పెసిఫికేషన్ల లిస్టులోంచి జీపీఎస్‌నే తీసేసింది! కొన్నవాళ్లకి అసలు మండింది ఇక్కడే. డబ్బులు కట్టిన రోజు ఉన్న ఫీచర్ ఆ తర్వాత లిస్టులో లేదు.

2012 జనవరిలో ఆండ్రాయిడ్ 4.0 అప్‌డేట్ వచ్చినా జీపీఎస్ కష్టాలు తీరలేదు. అదే నెలలో లాస్ వెగాస్ సీఈఎస్‌లో ఫుల్ హెచ్‌డీ స్క్రీన్‌తో, వెనక భాగం డిజైన్ మార్చి, టీఎఫ్700 అనే కొత్త మోడల్ చూపించారు. అప్పటికి ప్రైమ్ కొన్నవాళ్ల చేతికి వచ్చి కొన్ని వారాలే. చివరికి కంపెనీ ఉచితంగా ఒక జీపీఎస్ డాంగిల్ ఇస్తామంది. దానికోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది.

అప్‌డేట్ ఎందుకు పనిచేయలేదు?

జీపీఎస్ శాటిలైట్లు మనకి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. అక్కడి నుంచి 1575.42 మెగాహెర్ట్జ్ మీద వచ్చే సిగ్నల్, నేల దగ్గరికి చేరేసరికి సుమారు మైనస్ 130 డీబీఎం ఉంటుంది. వైఫై బాగా వీక్‌గా ఉందని మనం తిట్టుకునే మైనస్ 80 డీబీఎంతో పోల్చండి. తేడా 50 డెసిబెల్స్, అంటే లక్ష రెట్లు తక్కువ పవర్!

ఇంత బలహీనమైన సిగ్నల్‌కి లోహం అడ్డొస్తే ఇంకేం మిగులుతుంది? మరో 10 డెసిబెల్స్ పోయినా ఉన్నదాంట్లో పదో వంతే దక్కుతుంది. లొకేషన్ తేలాలంటే కనీసం 4 శాటిలైట్ల సిగ్నల్ ఒకేసారి అందాలి. సాఫ్ట్‌వేర్ చేయగలిగింది, ఏ శాటిలైట్ ఎక్కడుందో నెట్ ద్వారా ముందే చెప్పి వెతికే టైమ్ తగ్గించడం వరకే. యాంటెన్నాకి చేరని సిగ్నల్‌ని ఏ కోడూ పుట్టించలేదు.

అందుకే మొదటి ఐప్యాడ్ 3జీ మోడల్‌కి అల్యూమినియం మధ్యలో పైన నల్లటి ప్లాస్టిక్ పట్టీ పెట్టారు. మెటల్ ఫోన్ల వెనక కనిపించే సన్నటి గీతలు కూడా యాంటెన్నా కోసమే, అందానికి కాదు.

డాంగిల్ వచ్చాక?

యాంటెన్నా బయటికి వచ్చింది కాబట్టి సిగ్నల్ సమస్యకి అది సరైన మందే. కానీ దాన్ని పెట్టాల్సింది కింద ఉన్న 40 పిన్నుల పోర్టులో. చార్జింగ్ పోర్టు కూడా అదే, కీబోర్డ్ డాక్ తగిలేదీ అక్కడే. డాంగిల్ పెడితే డాక్ పక్కన పెట్టాలి. ఈ టాబ్లెట్ కొన్నదే డాక్ కోసం అనుకునేవాళ్లకి అది ఎలాంటి పరిష్కారం?

మనం నేర్చుకోవాల్సింది

1. సమస్య సాఫ్ట్‌వేర్‌దా, హార్డ్‌వేర్‌దా అని ముందు తేల్చుకోండి. కెమెరా కలర్లు, బ్యాటరీ ఆప్టిమైజేషన్ లాంటివి అప్‌డేట్‌తో మెరుగవ్వచ్చు. యాంటెన్నా, స్పీకర్, వేడి, పోర్టు స్పీడ్ అయితే ఎదురుచూడకుండా రిటర్న్ చేయండి.

2. కొన్న రోజే స్పెసిఫికేషన్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి, బిల్లుతో పాటు దాచుకోండి. రేపు ఆ లిస్టు మారినా మీ దగ్గర ఆధారం ఉంటుంది. మన దేశంలో అయితే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినప్పుడు ఇదే పనికొస్తుంది.

3. రిటర్న్ గడువులోపే టెస్ట్ చేయండి. నేను కొత్త డివైస్ ఏది తీసుకున్నా డాబా మీదకి వెళ్లి జీపీఎస్ టెస్ట్ యాప్ ఓపెన్ చేస్తాను. ఆకాశం బాగా కనిపించే చోట నాలుగైదు శాటిలైట్లకైనా 30 డీబీ-హెర్ట్జ్ దాటితే ఓకే. అన్నీ 20 దగ్గరే ఆగిపోతే అనుమానించాల్సిందే.

4. టాబ్లెట్ కొంటుంటే జీపీఎస్ అసలు ఉందో లేదో చూడండి. ఐప్యాడ్ వైఫై మోడళ్లలో అది ఉండదు, సెల్యులార్ మోడళ్లలోనే ఉంటుంది.

కంపెనీ రేపు ఇస్తానన్న హార్డ్‌వేర్‌కి ఈరోజు డబ్బులు కట్టొద్దు. బాక్స్‌లో ఇప్పుడు ఏముందో దానికే ధర లెక్కేయండి. ఆ లెక్కలో గిట్టుబాటు అయితేనే ఆర్డర్ పెట్టండి.