రైలు పోయింది, సైకిలొచ్చింది!

ఏం చెల్లీ, సైకిలు మాటెత్తగానే ‘మోకాళ్లు పోయాయక్కా’ అంటున్నావా? నిజం చెప్పనా, మనలో చాలామందిని సైకిలు దింపింది మోకాళ్లు కాదు. వెనకనుంచి చెవులు పగిలేలా హారన్ కొట్టే లారీ. పక్కనుంచి రాసుకుంటూ పోయే ఆటో. ‘ఈ వయసులో ఈవిడకి సైకిలేమిటి’ అన్నట్టు చూసే చూపులు. టెంత్ దాకా ఝామ్మని బడికి తొక్కినవాళ్లమే కదా అందరం! అందుకే ఇవాళ లారీ, ఆటో, చూపులు మూడూ లేని ఒక దారి గురించి చెప్తాను, విను.

ఆ దారి ఆస్ట్రేలియాలో ఉంది. అడిలైడ్ నుంచి ఉత్తరంగా కారులో రెండు గంటలు పోతే క్లేర్ వ్యాలీ వస్తుంది. కొండలూ ద్రాక్షతోటలూ కలగలిసిన సీమ. తరతరాలుగా న్గాడ్జురి ఆదివాసుల నేల. రీస్లింగ్ అనే తెల్లద్రాక్షకి అక్కడ పెద్ద పేరు. అందుకని సైకిలు బాటకీ రీస్లింగ్ ట్రైల్ అనే పేరు పెట్టారు. ఆబర్న్ అనే చిన్న ఊళ్లో మొదలై, క్లేర్ పట్నం దాటి బరీనియా దాకా సుమారు 33 కిలోమీటర్లు. సన్న గ్రావెల్ పరిచి గట్టిపరిచిన బాట. కార్లకీ బైకులకీ ప్రవేశం లేదు. సైకిళ్లూ, నడిచేవాళ్లూ, కుక్కల్ని తిప్పుకునేవాళ్లూ, అంతే. అక్కడక్కడా రోడ్డు అడ్డం వస్తుంది. అక్కడ దిగి, అటూ ఇటూ చూసి దాటితే చాలు.

‘కొండలంటున్నావు, ఎక్కలేక చావాలి కదక్కా’ అంటావేమో. కిటుకంతా అక్కడే ఉంది. ఇది ఒకప్పటి రైలుకట్ట. 1918లో క్లేర్‌కి రైలొచ్చింది. ఆవిరింజను నిటారుగా ఎక్కలేదు కదా! అందుకని ఎత్తుగా ఉన్నచోట తవ్వి, పల్లంగా ఉన్నచోట మట్టి పోసి, కొండల మధ్యనుంచి మెలమెల్లగా పైకి తీసుకెళ్లారు. 1983 ఫిబ్రవరిలో ఒక కార్చిచ్చు వచ్చింది. యాష్ వెడ్నెస్‌డే అని ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. ఆ మంటలు ఈ లైనునీ దెబ్బతీశాయి. మరుసటేడు లైను మూసేశారు. పట్టాలు తీసేశాక మిగిలిన ఉత్త కట్టని 1990ల్లో ఊళ్లవాళ్లూ, వైన్ చేసేవాళ్లూ పూనుకుని ఇలా బాటగా మార్పించుకున్నారు. అప్పుడు ఇంజను కోసం తీసిన వాలే ఇప్పుడు మన మోకాళ్లని కాపాడుతోంది.

మా పిన్ని కూతురు అడిలైడ్‌లో నర్సు. నన్ను తీసుకెళ్లింది అదే. ‘అక్కా, ఎక్కుతున్నట్టు తెలియనే తెలియదు, వెనక్కి తిరిగి చూస్తేగానీ’ అంది. నిజమే. ఆబర్న్ నుంచి పెన్వర్థమ్, సెవెన్‌హిల్ వైపు దారి కొద్దికొద్దిగా లేస్తుంది. తొక్కుతూ తొక్కుతూ ఒకచోట ఆగి చూస్తే తోటల వరసలన్నీ కింద కనిపిస్తాయి. ఆ తర్వాత క్లేర్ దాకా వాలు. మొత్తం తొక్కే ఓపిక లేకపోతే సెవెన్‌హిల్‌లో ఎక్కి క్లేర్‌లో దిగు. ఆరేడు కిలోమీటర్లే. సైకిళ్లు అక్కడే అద్దెకిస్తారు, బ్యాటరీవి కూడా.

గ్రావెల్ మీద తొక్కడం తారురోడ్డు మీద తొక్కినట్టు ఉండదు. టైరు కింద మరమరాలు నమిలినట్టు కరకరమంటుంది. చక్రం కొంచెం జారినట్టనిపించి హ్యాండిల్ని గట్టిగా బిగించి పట్టుకుంటాం. అదే వద్దు. మోచేతులు వదులుగా ఉంచు. చూపు చక్రం దగ్గర కాదు, పదిగజాల ముందు పెట్టు. మలుపు తిరుగుతూ ముందు బ్రేకు నొక్కకు, మలుపు రాకముందే వేగం తగ్గించుకో. టైరు కాస్త వెడల్పుగా ఉండాలి. గాలి బిర్రుగా కొట్టించొద్దు. బొటనవేలితో నొక్కితే కొద్దిగా లొంగితే సరి. ఇంతే విద్య. ఓ అరగంటలో ఒంటికి పడుతుంది.

దారిలో ఆగి చూడదగ్గవి బోలెడు. ఆబర్న్ పాత రైల్వే స్టేషను ఇప్పుడు మౌంట్ హారాక్స్ అనే వైనరీ వాళ్ల అమ్మకాల గది. పెన్వర్థమ్‌లో జాన్ హారాక్స్ సమాధి ఉంది. అతని కథ వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1846లో కొత్త ప్రాంతాలు వెతకడానికి ఒంటెని వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఆ దేశంలో ఇలాంటి యాత్రకి ఒంటెని వాడటం అదే మొదలు. హ్యారీ దాని పేరు. ఈయన తుపాకీ నింపుకుంటుంటే ఒంటె కదిలింది, తుపాకీ పేలింది. ఆ గాయంతోనే కొన్ని వారాలకి పోయాడు. అప్పటికి 28 ఏళ్లు. పోయేముందు ఆ ఒంటెని కాల్చేయమని చెప్పి మరీ పోయాడట!

సెవెన్‌హిల్‌లో జెస్యూట్ ఫాదర్లు 1851లో ద్రాక్ష నాటారు. చర్చి పూజలో వాడే వైన్ కోసం. రోముకి ఏడు కొండలున్నాయని ఆ చోటికి ఈ పేరు పెట్టుకున్నారు. వ్యాలీలో మొదటి వైనరీ అదే. పూజకి వైన్ ఇప్పటికీ అక్కడ చేస్తున్నారు.

‘వైన్ ఊసు మనకెందుకక్కా’ అంటావా? సారా మీద తిరగబడ్డ నెల్లూరు ఆడవాళ్ల గడ్డ మనది, ఆ మాట అనాల్సిందే. అక్కడ ఎవరూ తాగమని చెయ్యి పట్టుకు లాగరు. రుచి చూసేవాళ్లు కూడా గుక్కెడు నోట్లో తిప్పి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేయొచ్చు. దాన్నెవరూ తప్పుపట్టరు. సైకిలు తొక్కేవాళ్లు ఎలాగూ అదే చెయ్యాలి. నాకు మాత్రం వైన్ కన్నా తోటే నచ్చింది. దారిలోని వాటర్‌వేల్ ఊరి దగ్గర నేల ఎర్రగా ఉంటుంది, కింద సున్నపురాయి. కొండసీమ కాబట్టి పగలు ఎండ కాసినా రాత్రి చల్లబడుతుంది. ఆ చల్లదనానికే పండులో పులుపు నిలుస్తుందట. మేం ఆ తోట గట్టున బల్ల మీద కూర్చుని, ఇంట్లో కలిపి తెచ్చుకున్న పులిహోర డబ్బా ఖాళీ చేశాం. శాకాహారులకి ఇదే నా సలహా, డబ్బా కట్టుకుని వెళ్లండి.

వెళ్లేవాళ్లు నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి. మన ఎండాకాలం వాళ్లకి చలిగాలులు మొదలయ్యే కాలం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ ఎండలు మండిపోతాయి, ఆ నెలలు వద్దు. మార్చి, ఏప్రిల్, మే బాగుంటాయి. ఆకు పండి, రాలే ముందు తోటలన్నీ బంగారు రంగుకి తిరుగుతాయి. సెప్టెంబరు నుంచి వసంతం. అదీ బాగుంటుంది గానీ గూడు కట్టుకున్న మ్యాగ్‌పై పిట్టలు సైకిలు వాళ్ల తల మీదికి దూసుకొస్తాయి. కొందరు హెల్మెట్‌కి ప్లాస్టిక్ పుల్లలు నిక్కబొడిచేట్టు కట్టుకుని తిరగడం చూస్తావు, నవ్వకు. హెల్మెట్ అక్కడ చట్టప్రకారం తప్పనిసరి. మన పల్లేరు అక్కడా ఉంది, టైరుకి అదే శత్రువు. బాట దిగి గడ్డిలోకి పోకు. నీళ్లసీసా రెండు పెట్టుకో.

‘ఆస్ట్రేలియా దాకా ఎవరు పోతారక్కా’ అంటే, కూతురో కోడలో చెల్లెలో అడిలైడ్‌లోనో మెల్‌బోర్న్‌లోనో లేని ఇళ్లు మనలో ఎన్ని చెప్పు! ఈసారి పురుడు పోయడానికో, పిల్లల్ని చూసుకోవడానికో వెళ్తే మాల్స్ చుట్టూ తిప్పనివ్వకు. ‘ఆ రైలుకట్ట మీద తొక్కిస్తావా లేదా’ అని అడుగు. వెళ్లలేనివాళ్లకి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది, పైన సోలార్ పలకల కప్పుతో. కొండల్లేవు, తోటల్లేవు, కానీ లారీలు లేవు. మనకి కావలసింది ముందు అదే.

గేజి మార్చినప్పుడు వదిలేసిన పాత రైలుకట్టలు మన దగ్గరా ఉన్నాయి. మీ ఊరి పక్కన అలాంటిది ఖాళీగా పడి ఉంటే, ముళ్లకంపలు కప్పేసేలోపో, ఎవరో ఒకరు కంచె వేసేలోపో, పదిమంది ఆడవాళ్లు కలిసి సైకిలు బాట చేయమని అర్జీ పెట్టండి. క్లేర్‌లో ఊళ్లవాళ్లు అడిగితేనే వచ్చింది, ఊరికే రాలేదు.