వినకుండా వేటు వేయరాదు



“రేపటి నుండి పనిలోకి రావద్దు.” ఈ ఒక్క మాటతో ఎన్నో ఇళ్ళలో పొయ్యి ఆరిపోతుంది. ఆ మాట విన్నవాడు తలవంచుకొని ఇంటికి వచ్చి, యజమాని చెప్పాడు గనుక ఇక అంతా అయిపోయిందనుకుంటాడు. కాని అయిపోలేదు. తొలగించే అధికారం యజమానికి ఉన్నది. ఆ అధికారానికి హద్దులూ ఉన్నాయి.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం బెంట్లీ అనే పండితుని వాదన వినకుండానే ఆయన పట్టాలను తీసివేసింది. 1723లో ఆ వ్యాజ్యం విన్న ఒక ఇంగ్లండు న్యాయమూర్తి, దేవుడు సైతం ఆదామును పిలిచి అడిగిన తరువాతనే శిక్షించాడని గుర్తుచేశారు. ఎదుటివాని మాట వినకుండా తీర్పు చెప్పరాదన్న ఈ సూత్రమే మన కార్మిక న్యాయానికీ పునాది.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చింది. తొలగింపు ముఖ్యంగా రెండు విధాలు.

మొదటిది, తప్పు చేశాడని తొలగించడం. ఆరోపణ ఏమిటో ఛార్జిషీటులో వ్రాసి ఇవ్వాలి. జవాబు చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలి. ఎంక్వయిరీలో సాక్షులను ప్రశ్నించనివ్వాలి. శిక్ష తప్పుకు తగినదై ఉండాలి. చిన్న పొరపాటుకు జీవనాధారాన్నే తీసివేయడం న్యాయం కాదు.

రెండవది, కార్మికుని తప్పేమీ లేకున్నా పని తగ్గిందని తొలగించడం. దీనిని రిట్రెంచ్‌మెంట్ అంటారు. 12 నెలలలో 240 రోజులు పనిచేస్తే ఏడాది సర్వీసుగా లెక్క. అటువంటివారికి నెల రోజుల నోటీసు గాని, నెల వేతనం గాని ఇవ్వాలి. పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. ఎనిమిదేళ్ళు పనిచేసిన మిల్లు కార్మికురాలికి 120 రోజుల వేతనం రావాలన్నమాట. ఒకే రకం పనివారిలో సాధారణంగా చివర చేరినవారినే ముందు తొలగించాలి.

మరి అన్యాయం జరిగితే ఏమి చేయాలి? ముందుగా, తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. ఒత్తిడికి లొంగి రాజీనామా వ్రాసి ఇవ్వకండి. నియామక పత్రం, వేతన చీటీలు, పి.ఎఫ్. కాగితాలు, హాజరు కార్డు భద్రపరచుకోండి. కార్మిక శాఖలోని రాజీ అధికారికి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోండి. యూనియన్ లేకపోయినా ఒంటరిగానే వెళ్ళవచ్చును. అయితే రెండేళ్ళు దాటనివ్వకండి. రాజీ కుదరకపోతే, ఆ నివేదిక అందిన 90 రోజులలోగా ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవాలి. తొలగింపును రద్దు చేసి తిరిగి పనిలో పెట్టమని ఆదేశించడానికి గాని, శిక్షను తగ్గించడానికి గాని ట్రిబ్యునల్‌కు అధికారం కలదు. పాత బకాయి వేతనం కోరేవారు, ఆ కాలంలో తమకు వేరే సంపాదన లేదని స్పష్టంగా చెప్పుకోవాలి.

ఈ చట్టం అందరికీ వర్తించదు. ఉపాధ్యాయులు ‘వర్క్‌మన్’ నిర్వచనంలోకి రారని 1988లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే మన ప్రాంతంలో 1982 నాటి విద్యా చట్టం ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులను విచారణ జరపకుండా తొలగించరాదంటున్నది. ఇళ్ళలో పనిచేసేవారికి మాత్రం ఈ కోడ్ రక్షణ లేదు.

ఇక్కడే మనల్ని మనం ప్రశ్నించుకోవలసి ఉన్నది. మన ఇంట్లో గిన్నె కనబడలేదని, పండుగకు ఊరెళ్ళి రెండు రోజులు ఆలస్యంగా వచ్చిందని పనిమనిషిని గుమ్మం బయటే నిలబెట్టి పంపించివేసేటప్పుడు ఆమె మాట విన్నామా? ఆ నెలలో పనిచేసిన రోజులకు లెక్క కట్టి డబ్బు ఇచ్చామా? ఆమె కోసం అడిగే ట్రిబ్యునల్ ఏదీ లేదు. కనుక మనమే అడుగుకోవాలి.