గినీపంది – మేత, ఆరోగ్యరక్షణము

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూరు కలదు. ఒకప్పుడు బండరాళ్లతో నిండియుండిన ఆ ప్రదేశమున 1998వ సంవత్సరమందు సైబర్ టవర్సు అను భవనము ప్రారంభమయ్యెను. నేడు ఆ ప్రాంతమంతయు హైటెక్ సిటీ అను పేరుతో ప్రసిద్ధికెక్కినది. దాని చుట్టును కొండాపూరు, గచ్చిబౌలి మున్నగు చోట్ల అంతస్తుపై అంతస్తుగా నివాసగృహములు లేచినవి. అట్టి యిండ్లలో ఆవును గాని మేకను గాని పెంచుటకు వీలు లేదు. కావున ముచ్చటపడిన బాలబాలికలు కొందఱు కుందేళ్లను, గినీపందులను తెచ్చి పెంచుకొనుచున్నారు.

పేరునుబట్టి మోసపోరాదు. గినీపంది పందియు కాదు, గినీ దేశమునకు చెందినదియు కాదు. ఎలుక, ఉడుతలవలె ఇది కొఱికి తిను జంతువుల జాతిలోనిది. దక్షిణ అమెరికాయందలి ఆండీస్ పర్వతప్రాంతముల ప్రజలు వేల యేండ్ల క్రిందటనే దీనిని మచ్చిక చేసిరి. పదునాఱవ శతాబ్దమున ఇది ఐరోపా ఖండమునకు చేరెను. పెరిగిన గినీపంది ముప్పాతిక కిలో మొదలు కిలో పైచిలుకు వఱకు తూగును. చక్కగా పోషించినచో ఐదు మొదలు ఎనిమిదేండ్లు జీవించును. ఇది మిక్కిలి సాధువు. ఆకుకూరల సంచి చప్పుడైనంతనే ఈలవేసినట్లు కూయును.

ఒక యింటి సంగతిని ఊహింపుడు. తల్లిదండ్రులు ఉదయము కార్యాలయములకు పోయి రాత్రికి గాని తిరిగి రారు. పిల్లలు బడికి పోవుచు, అంగడినుండి తెచ్చిన గింజలను గినీపంది గిన్నెలో నిండుగ పోసి పోవుదురు. గిన్నె నిండియున్నది గదా, ఇంక లోటేమి యని వారి తలంపు. కొన్ని వారములు గడచును. ఆ జంతువు నడచుటకు వెనుదీయును. ముట్టినచో బాధతో కీచుమనును. కాలు బెణికినదని యింటివా రనుకొందురు. అది బెణుకు కాదు. స్కర్వీ అను వ్యాధి. నిండిన గిన్నె యెదుటనే ఆ జీవి కఱవుపాలైనది.

ఈ వ్యాధికి మూలము విటమిన్ సి లోపము. ఆవు, మేక, కుక్క, ఎలుక మున్నగునవి ఈ విటమినును తమ శరీరమునందే తయారుచేసికొనును. గినీపందికి ఆ శక్తి లేదు. మానవునకును లేదు. అందులకు కావలసిన ఒక ఎంజైము ఈ యిరువురి శరీరములందును లోపించియున్నది. విటమిన్ సి చాలనప్పుడు కీళ్లు వాచును, చిగుళ్లనుండి నెత్తురు కారును, గాయములు మానవు. పూర్వము నెలల తరబడి సముద్రయానము చేసిన నావికులు వేలకొలది ఈ వ్యాధిచేతనే మరణించిరి. 1747లో జేమ్స్ లిండ్ అను ఓడవైద్యుడు, నారింజలను నిమ్మపండ్లను తిన్న రోగులు త్వరగా కోలుకొనుట గమనించెను.

1907లో నార్వే దేశమున ఆక్సెల్ హోల్స్ట్, థియొడోర్ ఫ్రోలిక్ అను శాస్త్రజ్ఞులు గినీపందులకు ధాన్యమును, రొట్టెను మాత్రమే పెట్టి చూచిరి. వాటికి స్కర్వీ కలిగెను. తాజా క్యాబేజీని, నిమ్మరసమును చేర్చి యిచ్చినపుడు ఆ వ్యాధి రాలేదు. ఇట్టి పరీక్షల వలననే విటమిన్ సి యొక్క గుట్టు బయటపడినది. మన ఆరోగ్యమునకై ఆ మూగజీవులు పడిన బాధకు మనము ఋణపడియున్నాము. ఇంట పెంచుకొను ఒక్క గినీపందికైనను ఆ బాధ కలుగకుండ చూచుట మన విధి.

ఇక దాని మేతను గూర్చి తెలిసికొందము. గినీపంది ఆహారములో అధికభాగము గడ్డియే. శుభ్రమైన ఎండుగడ్డి రేయింబవళ్లు దాని యెదుట ఉండవలెను. దానికి గల 20 దంతములును జీవితాంతము పెరుగుచునే యుండును. గడ్డి నమలుటచేతనే అవి అరుగును. గడ్డిలోని పీచు లేనిదే దాని ప్రేవులు సరిగా పనిచేయవు. వరిగడ్డి నిస్సారమగుటచే అది యొక్కటియే చాలదు. లేత గరిక మిక్కిలి మంచిది. అయితే రోడ్డు ప్రక్కన పెరిగినదానిని, పురుగుమందు చల్లిన తోటలలోనిదానిని కోసి తేరాదు.

కిలో బరువు గల గినీపందికి దినమునకు 10 మొదలు 30 మిల్లీగ్రాముల విటమిన్ సి కావలెను. కావున గడ్డితోపాటు దినమునకొక కప్పు తాజా కూరలను పెట్టవలెను. కాప్సికం అని అంగళ్లలో పిలువబడు బుంగమిరపకాయ ఇందులకు శ్రేష్ఠము. కొత్తిమీరయు మంచిదే. కూకట్‌పల్లి రైతుబజారులో ఇవి సులభముగా దొరకును. బాగుగా కడిగి పెట్టవలెను. జామపండులో విటమిన్ సి సమృద్ధిగా నున్నను చక్కెరయు కలదు గనుక, వారమున కొకటి రెండు సార్లు చిన్న ముక్క చాలును. గుళికల మేత ఒకటి రెండు చెంచాలకు మించరాదు. నిలువ ఉన్నకొలది గుళికలలోని విటమిన్ సి నశించును. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, అన్నము, పాలు, చాక్లెట్టు ఎన్నడును పెట్టరాదు. మంచినీటిని దినదినము మార్చవలెను.

హైదరాబాదులో వేసవియందు ఎండ 40 డిగ్రీలు దాటుట కలదు. గినీపందికి 18 మొదలు 24 డిగ్రీల వేడిమి హితము. అద్దములు బిగించిన వసారాలో దానినుంచి తలుపు వేసి పోయినచో వడదెబ్బచే కొద్ది కాలములోనే మరణింపవచ్చును. నీడయు గాలియు గల గదిలో, గట్టి నేల గల విశాలమైన గూటియందు దానిని ఉంచవలెను. ఒంటరితనమును ఇది సహింపదు. ఒకే లింగమునకు చెందిన రెండింటిని కలిపి పెంచుట మేలు.

అడవిలో బలహీనమైన జంతువు శత్రువు కంటబడును. కావుననే గినీపంది తన రోగమును దాచును. వారమున కొకసారి వంటింటి త్రాసులో దానిని తూచి, బరువును వ్రాసి పెట్టుకొనుడు. కంటికి కనబడని జబ్బును అంకెలు తెలుపును. ఒక పూట మేత ముట్టకున్నను, పెంటికలు తగ్గినను ఆలస్యము చేయక పశువైద్యుని కడకు గొనిపోవలెను. ఇంటిలోని మాత్రలను ఇయ్యరాదు. పెన్సిలిన్ జాతి మందులు మనకు మేలు చేసినను, గినీపంది ప్రేవులలోని హితకరమైన సూక్ష్మజీవులను చంపి దాని ప్రాణమునకే ముప్పు తెచ్చును.

మన నగరమందే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో అది హైదరాబాదునకు తరలివచ్చెను. ఆకుకూరలును పండ్లును నిత్యము తినుడని పోషకాహార శాస్త్రము మనకు బోధించుచున్నది. ఆ బోధ గినీపందికిని చెల్లును. ఉదయమున బడికి పోవుటకు ముందు మీ పెంపుడు జంతువు గిన్నె నిండియున్నదా అని మాత్రమే గాక, అందులో పచ్చనిది ఏదైన ఉన్నదా అని కూడ చూడుడు. ఆపైన మీ అన్నపు డబ్బాను తెఱచి, అదే ప్రశ్న వేసికొనుడు.