పౌరసత్వ బంధము జాతిని నిలుపగలదా?

పలు మతములు, పలు భాషలు గల దేశమును ఒకటిగా నిలుపునది ఏది? మతమని కొందరు, భాషయని కొందరు చెప్పుదురు. ఒకే రాజ్యాంగము క్రింద సమాన పౌరులమను భావనయే నిలుపగలదని మరికొందరి వాదము. ఈ మూడింటిని చరిత్రయను గీటురాతిపై పెట్టి చూతము.

1947లో మతము ప్రాతిపదికగా పాకిస్తాన్ ఏర్పడినది. ఆ దేశ జనులలో సగమునకు పైగా బెంగాలీ మాట్లాడువారే. అయినను 1948 మార్చిలో జిన్నా ఢాకా నగరమున ఉర్దూ ఒక్కటియే రాజభాషయని ప్రకటించినారు. 1952 ఫిబ్రవరి 21న అచ్చట బెంగాలీ కొరకు నిలిచిన విద్యార్థులపై పోలీసు కాల్పులు జరిగినవి. ఇందు ఉర్దూ దోషమేమియు లేదు. పాకిస్తాన్‌లో సైతము అది కొద్దిమందికే మాతృభాష. మధురమైన భాషను అధికారపు కొరడాగా మార్చినవారిదే దోషము. 1956 నాటి రాజ్యాంగము బెంగాలీని కూడ రాజభాషగా అంగీకరించినది. మరి దేశమేల చీలినది? 1970 ఎన్నికలలో అవామీ లీగ్‌కు సంపూర్ణాధిక్యత లభించినను అధికారము అప్పగింపబడలేదు. సైన్యము విరుచుకుపడినది, 1971లో బంగ్లాదేశ్ అవతరించినది. భాషకు గౌరవము దక్కినను ఓటుకు విలువ దక్కలేదు. ఆ దేశము నిలువునా బీటవారినది అక్కడనే యని మా అభిప్రాయము.

ఇక భాష. 1956 నవంబరు 1న తెలుగువారు ఒకే రాష్ట్రమైరి. పెద్దమనుషుల ఒప్పందములోని హామీలు నెరవేరలేదను ఆవేదన 1969లోనే తెలంగాణమున ఉద్యమమై రగిలినది. 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైనది. ఒకే భాష ఆ విభజనను ఆపలేదు. అయినను ఇరువురును ఒకే దేశ పౌరులుగానే నిలిచిరి.

హిందీ విషయము ఇంకొక పాఠము. ఇంగ్లీషు స్థానమును హిందీ ఆక్రమించునను భయముతో 1965లో మద్రాసు రాష్ట్రము అట్టుడికినది, ప్రాణములు పోయినవి. 1967లో పార్లమెంటు చట్టమును సవరించి, హిందీని స్వీకరింపని రాష్ట్రములు కోరునంతకాలము ఇంగ్లీషు కొనసాగునట్లు చేసినది. ప్రభుత్వము ఒక మెట్టు దిగినది, దేశము నిలిచినది.

కావున పౌరసత్వ బంధము జాతిని నిలుపగలదనియే మా విశ్వాసము. కాని కాగితముపై వ్రాసినంతనే కాదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్, సౌభ్రాతృత్వము లేనిచో స్వేచ్ఛాసమానత్వములు పైపూతలే అగునని హెచ్చరించినారు. పేరు విన్నంతనే అద్దె ఇల్లు లేదనిపించుకొన్నవానికి రాజ్యాంగ పీఠిక ఎంత దూరముగా తోచునో చదువరులే ఊహింపగలరు. ఆ గాయమును చట్టమొక్కటియే మాన్పలేదు, పొరుగువాడును పూనుకొనవలెను.

ఈ ప్రశ్న మన కళాశాల గడపను కూడ తాకుచున్నది. 30వ అధికరణము మైనారిటీలకు స్వంత విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కునిచ్చినది. 29వ అధికరణము, ప్రభుత్వ ధనసహాయము పొందు సంస్థలలో కేవలము మతము, జాతి, కులము, భాష కారణముగా ఏ పౌరునికిని ప్రవేశము నిరాకరింపరాదన్నది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ వ్యాజ్యమున పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ రెండింటిని సమన్వయించినది: సహాయము పొందు మైనారిటీ సంస్థ తనవారిని చేర్చుకొనవచ్చును, ఇతరులకును తగు మేరకు చోటివ్వవలెను. ఏటేట ప్రవేశముల పట్టికను సిద్ధపరచు పెద్దలు ఈ రెండు అధికరణములను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుదురని ఆశించుచున్నాము.