తాతలు నాటిన నీడ

అశోకుడు బాటలకు ఇరువైపులా చెట్లు నాటించాడని చరిత్ర పాఠాలలో చదువుకున్నాం. మరి మన బెంగుళూరు వీధులలోని చెట్లను నాటినవారెవరు?

బెంగుళూరుకు ఉద్యాననగరమని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. 1760లో హైదరాలీ లాల్‌బాగ్ తోటను ప్రారంభించాడు. ఆయన కుమారుడు టిప్పు సుల్తాను దూరదేశాల నుండి మొక్కలు తెప్పించి తోటను పెంపు చేశాడు. 1908లో లాల్‌బాగ్‌కు వచ్చిన జర్మనీ దేశస్థుడు క్రుంబీగల్ వీధులను కూడా తోటగానే భావించాడు. ఒక వీధిలో పూలు రాలే వేళకు మరొక వీధిలో పూలు విచ్చుకోవాలని తలచి, అందుకు తగిన చెట్లను ఏరి నాటించాడు. 1980 తరువాత నేగిన్‌హాళ్ అనే అటవీశాఖాధికారి పూనికతో నగరంలో లక్షల మొక్కలు నాటారు.

నగరానికి ఆగ్నేయాన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఉన్నది. హోసూరు, సర్జాపుర రోడ్ల పేర్ల నుండి దానికి ఆ పేరు వచ్చింది. పేట కొత్తదే గాని, దాని అంచునున్న అగర ఊరు చాలా పాతది. అక్కడి 9వ శతాబ్దపు శాసనం చెరువులకు తూములు పెట్టించిన సంగతి తెలుపుతున్నది. చెరువు నిండితే చుట్టుపక్కల నేల చెమ్మగిల్లుతుంది. ఆ చెమ్మే చెట్టుకు ప్రాణం.

ఇన్ని చేతులు పెంచిన చెట్లకు నేడొక ఆపద వచ్చింది. కాలిబాటలు వేసేటప్పుడు చాలాచోట్ల చెట్టు మొదలుదాకా సిమెంటు పరుస్తున్నారు. వేళ్లకు నీటితోపాటు గాలి కూడా కావాలి. సిమెంటు కప్పితే వాననీరు ఇంకదు, గాలి అందదు. వేళ్లు బలహీనపడి, ఒకనాటి గాలివానకు మాను కూలుతుంది. మనం గాలివానను నిందిస్తాం!

కర్ణాటకలో 1976 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టరాదు. కాని గొడ్డలి పట్టకుండానే చెట్టును చంపవచ్చునని పై సంగతి తెలుపుతున్నది. అందుకే 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తొలగించాలని ఆదేశించింది.

పూర్వులు నాటిన నీడలో నిలిచి, మన ఊరు ఉద్యాననగరమని చెప్పుకోవడం చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడమే. మనం నాటిన మొక్క నీడలో రేపటి పిల్లలు నిలవాలి. అప్పుడే ఆ పేరు మనదవుతుంది.

అభ్యాసం
1. వీధి చెట్ల విషయంలో క్రుంబీగల్ ఆలోచన ఏమిటి?
2. గొడ్డలి పట్టకుండా చెట్టును చంపడమంటే ఏమిటి? వివరించండి.
3. మీ బడి దగ్గరి చెట్టు మొదట్లో ఎంత మట్టి ఉన్నదో కొలిచి రాయండి.